బుట్ట అడుగు పండు

సాలూరు,
28 ఆగస్టు 2024

బావకి నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో పది నిమిషాలు నేను చెప్పింది నీకు ఒక్క ముక్క వినపడలేదని అక్క తరవాత చెప్పింది. మధ్యలో నువ్వు "సరే ఉంటాను, వానొస్తన్నాది" అని పెట్టేశావు. చెవికి ఆ మిషను పెట్టుకోవు, ఫోను నీకు పనికిరాదు. అంచేత ఇక మీదట ఉత్తరమే. అప్పలస్వామి లారీ వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్తుంది. చిలకపాలెం జంక్షన్లో టీ బడ్డీ దగ్గర ఇచ్చి పోతానన్నాడు. జవాబు కూడా అక్కడే ఇచ్చెయ్యి.

విషయం ఇదీ. విజయనగరంలో ధర్మేంద్ర అనే కుర్రాడు కొత్తగా భోజనాల హోటలు పెట్టాడు. వాళ్ళ నాన్నది గంటస్తంభం దగ్గర కిరాణా వ్యాపారం. హోటలు గోడకి పళ్ళ బొమ్మ కావాలన్నాడు. స్టిక్కరు వద్దు, ఫ్లెక్సీ వద్దు. పళ్ళు ఎదురుగా పెట్టుకుని, చూసి, నూనె రంగులతో ఉన్నది ఉన్నట్టు వెయ్యాలట. నచ్చితే ఇంకో మూడు గోడలున్నాయి.

లారీ బాడీలకి స్టిక్కర్లొచ్చాక మూడేళ్ళుగా నా బ్రష్షులు డబ్బాలోనే ఉన్నాయి. మా ప్రమోద్ వాళ్ళ వేబ్రిడ్జి దగ్గర నన్ను కూర్చోమంటున్నాడు. లారీ ఎక్కుతుంది, బరువు చూసి చీటీ చింపి ఇవ్వాలి. కొడుకు ప్రేమతోనే అంటున్నాడు, కాదనలేను. దసరా దాకా ఆగమన్నాను. ఈ బొమ్మ కుదిరితే నేను పెయింటర్ని. లేకపోతే చీటీలు.

కాబట్టి నీ తోటలో సీతాఫలాలు ఒక ఆరు పంపు. పచ్చివి, తొడిమతో. పండినవి వద్దు. లారీ మీద వేసే ఎనామిల్ ఒక పూటలో ఆరుతుంది. ఈ నూనె రంగు పొరకి వారం పడుతుంది. ఈలోగా పండిపోతే నాకు ఎదురుగా ఏమీ మిగలదు. ఆరంటే ఆరే.

గౌరి అక్కని అడిగినట్టు చెప్పమంది.

నీ బావమరిది
జగన్నాధం


నందివలస,
1 సెప్టెంబరు

ఒరే జగన్నా,

నీ ఉత్తరం టీ బడ్డీలో రెండ్రోజులు పడుంది. దాని మీద గ్లాసు పెట్టేరు. గుండ్రంగా మరక పడింది గాని సదవడానికి వచ్చింది.

ఆరు పళ్ళేటిరా? మీ అక్కని ఆ ఇంటి నుంచి తెచ్చుకుని నలభై ఏళ్ళయింది. ఆ ఇంటికి తిరుమలరావు ఆరు సీతాఫలాలు పంపేడని, అదీ పచ్చివని, రేపు సాలూరంతా అనుకోవాలా? మీ ఎదురింట్లో దేముడమ్మ ఉన్నాది. ఆవిడ నోట్లో పడితే పార్వతీపురం దాకా పోతాది. నా తోట ఎండిపోయిందంటారు. అందుకని బుట్ట పంపుతన్నాను. యాభై ఉన్నాయి. ఒక్కదానికి మచ్చ లేదు. నేనే ఏరి కోసేను. బుట్ట సర్దింది మీ అక్క.

ఇంకో మాట అడుగుతాను. ముప్పై అయిదేళ్ళు లారీల ఎనక యాపిల్ పళ్ళేసేవు గదా, ఏ రోజైనా యాపిల్ పండు ఎదురుగా పెట్టుకున్నావా? ఇప్పుడేటొచ్చింది? నేను ఊడుపులప్పుడు వరిమొక్కని సూసి నాటను. నా సెయ్యే నాటుతాది.

పోయిన ఏడాది మీ ఇంటికొచ్చినప్పుడు నా పొందూరు పంచె ఒకటి కనపడకుండా పోయింది. అంచు దగ్గర సుట్ట కాలిన సిల్లు ఉంటాది. ఇన్నాళ్ళూ మా ఊరి ఇస్త్రీ బడ్డీవాణ్ణి అనుమానించేను. వాడు ఒట్టేసేడు. నేనేటీ అనడం లేదు. పళ్ళు కడతంటే గుర్తొచ్చి రాసేను.

వానలు బాగున్నాయి. మీ అక్క మోకాలు అలాగే ఉన్నాది.

మీ బావ


సాలూరు,
9 సెప్టెంబరు

బావా,

బుట్ట అందింది. నేను లోపల స్టాండు బిగించుకుంటున్నాను, గుమ్మంలో గౌరి బుట్ట విప్పింది. ఆడపడుచు ఇంటి నుంచి బుట్ట దిగాక వీధికి పంచకుండా ఉంటే ఏం బాగుంటుంది అంది. నేను "ఆగు" అని బయటికొచ్చేసరికి ఎనిమిది ఇళ్ళయ్యాయి. మిగతా ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. వాళ్ళకి మానెయ్యడం ఎలా? పైగా చవితి వచ్చింది. పాలవెల్లికి కట్టుకుంటామని అడిగినవాళ్ళకి లేదనకూడదంది. దేముడమ్మ రెండుసార్లు వచ్చింది, రెండోసారి చెల్లెలి పేరు చెప్పింది. వీధంతా నీ పళ్ళని మెచ్చుకున్నారు.

నాకు బుట్ట అడుగున నాలుగు మిగిలాయి. బల్ల మీద ఇంట్లో దొరికిన తెల్లగుడ్డ పరిచి, వెనక నల్ల దుప్పటి కట్టి, ఒక్క కిటికీ తెరిచి పెట్టుకున్నాను. వెలుతురు ఒక పక్క నుంచే రావాలి. ఫోన్‌లో రష్యా ఆయనొకాయన నేర్పుతాడు. ఆయన మాట అర్థం కాదు గాని చెయ్యి అర్థమవుతుంది.

సీతాఫలం గియ్యడం తేలికనుకున్నాను. ఒంటి నిండా కళ్ళే కదా. ఒక కన్ను గీసి, తల తిప్పి మళ్ళీ చూస్తే ఏ కన్ను గీశానో తెలీదు. చివరికి గౌరి భరిణె తెచ్చుకుని, గీసిన కంటికల్లా కుంకం చుక్క పెట్టుకుంటూ వచ్చాను.

మూడో రోజుకి రెండు పగిలాయి. ఐదో రోజుకి రంగు ఆరలేదు, పండు మాత్రం జారిపోయింది. నా చెయ్యి కూడా నన్ను మోసం చేసింది. పాత అలవాటుకొద్దీ ప్రతి పండు మీదా తెల్లటి మెరుపు పెట్టి, మూలల్లో తామరపువ్వులు వేసేసింది. వేశాక గాని నాకు తెలియలేదు. ధర్మేంద్ర వచ్చి చూసి "జగన్నాధం గారూ, ఇది లారీ" అన్నాడు. అంతే అన్నాడు. గీకేశాను. మళ్ళీ మొదలు.

మళ్ళీ ఒక ఆరు పంపు. బుట్టలో వద్దు. గోనెలో కట్టి పైన 'ఉల్లిపాయలు' అని రాసి పంపు. అలా అయితే గౌరి పంచదు.

పంచె సంగతి గౌరిని అడుగుతాను.

జగన్నాధం


నందివలస,
15 సెప్టెంబరు

జగన్నాధానికి,

ఈసారి 'ఒరే' అని రాయలేదు. గమనించు.

ఖాళీ బుట్ట కోసం మీ ఇంటికొచ్చిన అప్పలస్వామి సూసిందంతా నాకు సెప్పేడు. లోపల సీకటి. ఎనక నల్లగుడ్డ. బల్ల మీద నా పళ్ళు, వాటి నిండా కుంకం బొట్లు. ఒక పండు కారిపోయి ఈగలు ముసిరితే తోలకుండా, దాని ఎదురుగా కుర్చీ ఏసుకుని, ఒక కన్ను మూసుకుని, సెయ్యి సాచి, దాన్నే సూస్తన్నావట. గౌరి తుడవబోతే "ముట్టుకోవద్దు" అని కేకేసేవట.

నేనేటనుకోవాలి? ఇష్టం లేకపోతే వద్దని రాయాలి. నా పళ్ళని కుళ్ళబెట్టి ఎదురుగా కూకుని సూడ్డం ఏటి? పైగా ఉల్లిపాయలని రాసి పంపాలా? నా తోటలో కాసిన పళ్ళు నేను దొంగసరుకులాగ పంపాలా?

మీ అక్క మాత్రం కోపం తెచ్చుకోలేదు. కుంకం మాట ఇన్నాక దానికి బెంగ పట్టుకుంది. మావాడికెవరో సిల్లంగి పెట్టేరని, ఇది సేతబడేనని రెండు పూటలు తిన్లేదు. నిన్న అమ్మవారి గుడికెళ్ళి మూడు నిమ్మకాయలు తెచ్చి బుట్టలో పెట్టింది. ఏటికే అంటే "వాడికి తెలుస్తాదిలే, నువ్వు రాయకు" అంది. నాకు సెప్పలేదు, నేనూ మరడగలేదు.

ఈసారి అరవై. అన్నీ నేనే ఏరేను. వీధిలో అందరికీ ఇయ్యి. ఎవరైనా ఒక్క మచ్చ సూపిస్తే నాకు రాయి.

తిరుమలరావు


సాలూరు,
24 సెప్టెంబరు

బావా,

'ఒరే' లేని ఉత్తరం చదివి గౌరి నాకన్నా ఎక్కువ భయపడింది. అప్పలస్వామి చూసింది నిజమే, అనుకున్నది తప్పు. కన్ను మూసి చెయ్యి సాచింది కొలత కోసం. కుంకం చుక్కలు లెక్క కోసం. ఈగల్ని తోలితే గుడ్డ కదిలి ముడతలు మారిపోతాయి, అందుకు తోలలేదు. నాకే సిల్లంగీ లేదు, దగ్గు ఉంది, అదీ టర్పెంటు వాసనకి.

రెండో బుట్ట కూడా వీధికే పోయింది. నేను అడ్డం నిలబడ్డాను. "మీ బావగారు వీధిలో అందరికీ ఇమ్మని రాశారు" అని గౌరి నీ ఉత్తరమే నాకు చూపించింది. దేముడమ్మ ఈసారివి పోయినసారి కన్నా చిన్నవంది. ఇది రాయకూడదనుకున్నాను, రాశాక కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.

బుట్ట అడుగున గడ్డిలో ఒక పండు మాత్రం ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదని గౌరి పక్కన పడేసింది. ఒక పక్క నొక్కేసినట్టు బల్లపరుపుగా ఉంది. దాని మీద అడ్డంగా నల్లటి గాడి. ఎలా పడిందో తెలీదు. బావా, మిగతావన్నీ మూడ్రోజుల్లో పండి జారిపోతుంటే ఇది ఎనిమిది రోజులైనా మెత్తబడలేదు. రాయిలాగ, పెట్టిన చోట పెట్టినట్టు కూర్చుంది. నాకు కావలసింది అలాంటి పండే. దాన్ని మధ్యలో పెట్టాను. పక్కన పగిలిన పండు ఒకటి, రెండు గింజలు.

అక్కకి నా తరఫున ప్రత్యేకంగా చెప్పు. మన రెండిళ్ళలోనూ బొమ్మ సంగతి తెలిసిన మనిషి అదొక్కర్తే. బొమ్మంతా ఆకుపచ్చా నలుపూ అయిపోయి ఒక పక్కన పసుపు లేక వెలవెలపోతోంది. ఇక్కడ ఉన్న నాకు తోచలేదు, నందివలసలో ఉన్న అక్కకి తోచింది. నిమ్మకాయలు మూడూ పెట్టి వేశాను. ఒకదానికి కుంకం అంటి ఉంది. ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి కదా, అదీ వేశాను.

అడుగున, లారీకి ఓనరు పేరు రాసినట్టు, నీ పేరు రాశాను. 'పి. తిరుమలరావు గారి తోట, నందివలస' అని. ఎర్ర అక్షరాలు, నల్ల నీడ. ముప్పై అయిదేళ్ళుగా ఎవరెవరి పేర్లో రాశాను. మనవాళ్ళ పేరు రాయడం ఇదే మొదలు.

నాలుగో తారీకున హోటల్లో పెడతారు.

నీ జగన్నాధం


నందివలస,
29 సెప్టెంబరు

ఒరే,

'ఒరే' లేకుండా తిట్టడం నాకు రావడం లేదు, అందుకు మళ్ళీ రాసేను.

ముందు మీ అక్క సంగతి. నిమ్మకాయలు బొమ్మలో పెట్టేవని సదివి ఇనిపించేసరికి అరుగు మీద కూలబడిపోయింది. అవి నీకు దిష్టి తియ్యడానికిరా. తల సుట్టూ తిప్పి మూడు దార్లు కలిసే కాడ పారెయ్యాలి. నువ్వు వాటిని పదిమంది అన్నం తినే కాడ గోడకెక్కిస్తావా? ఆ హోటల్లో మెతుకు ముట్టనని నా సేత ఒట్టేయించుకుంది. నేనెప్పుడు ఆ హోటలుకి పోతానన్నాను? అయినా ఒట్టేసేను.

ఇప్పుడు నా సంగతి. ఆ గాడి పండు నేను పంపలేదు. నేను ఏరిన అరవైలో అది లేదు. పైవి నలక్కుండా అడుగున గడ్డితోటి పనికిరానివి కొన్ని మీ అక్క కుక్కిందట, ఇప్పుడు సెప్తన్నాది. రెండు బుట్టల మంచి పళ్ళు పంపితే వాటిని దేముడమ్మకి పెట్టి, అడుగున కుక్కిన దానికి బొమ్మేసి, దాని కింద నా పేరు రాస్తావా? ఎర్ర అక్షరాలు! నల్ల నీడ! విజయనగరంలో మా వియ్యంకుడు ఉన్నాడు. ఆయన వారానికి నాలుగు రోజులు బయటే తింటాడు. "బావగారి తోటలో ఇలాంటివి కాస్తాయన్నమాట" అని నవ్వడా?

లారీల మీద కశ్మీరు యాపిళ్ళేసేవు. ఒక్కదానికి మచ్చ పెట్టలేదు. నా పండు కాడికొచ్చేసరికి నీకు నిజం గుర్తొచ్చింది.

ఆ గాడి సెరిపెయ్యి. లేదా నా పేరు సెరిపెయ్యి. రెండూ గోడ మీద ఉంటే మీ అక్క పుట్టింటికి వస్తాది గాని నేను రాను.

తిరుమలరావు


సాలూరు,
6 అక్టోబరు

బావా,

బొమ్మ మొన్న శుక్రవారం గోడకెక్కింది. ధర్మేంద్ర కొన్నాళ్ళు చూస్తానన్నాడు. తినేవాళ్ళు బాగుందంటే మిగతా మూడు గోడలూ నావి. ఎవరైనా ముఖం చిట్లిస్తే దించేసి ఫ్లెక్సీ పెట్టుకుంటాడు. దసరా దాటాక ఆగడం కుదరదని ప్రమోద్ అన్నాడు. బతిమాలితే ఇరవై ఎనిమిది, సోమవారం దాకా గడువిచ్చాడు. నేను వాడికి సైకిలు నేర్పినప్పుడు ఇంత గట్టిగా లేను.

నీ ఉత్తరం వచ్చేసరికి బొమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. గాడి చెరపడానికి నాకు రెండు నిమిషాలు చాలు. ఆకుపచ్చ కలిపాను. మెరుపుకి తెలుపు కలిపాను. బ్రష్షు ముంచాను. పండు పక్కనే ఉంది, అప్పటికీ మెత్తబడలేదు. దాన్ని చూశాను, బొమ్మని చూశాను. బ్రష్షు కడిగేశాను.

లారీల మీద కొన్ని వేల పళ్ళు వేశాను. అందులో ఒక్కటీ ఏ చెట్టుకీ కాసింది కాదు. ఇదొక్కటి కాసింది. ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

పేరు తీసెయ్యమంటే తీసేస్తాను, అది నీ పేరు. కాకపోతే ఒకసారి వెళ్ళి చూసి తీసెయ్యమను. చూడకుండా అనకు.

నిమ్మకాయలు దేనికో నాకు తెలియదని అక్కకి చెప్పు. వేయడం అయిపోయాక గౌరి ఆ మూడూ పులిహోరలో పిండేసింది. అందరం తిన్నాం, అందరం బాగానే ఉన్నాం. ఈ ముక్క మాత్రం అక్కకి చెప్పకు.

జగన్నాధం


నందివలస,
10 అక్టోబరు

జగన్నాధానికి,

నేను రాను. సూడను. వరికి మందు కొట్టాలి. ఈ ఏడు విజయనగరం సిరిమాను జాతరకి కూడా రావడం లేదు. పేరు తీసెయ్యి.

పులిహోర సంగతి మీ అక్కకి నేను సెప్పలేదు. నీ ఉత్తరం నాకన్నా ముందు అదే సదివింది. తిన్నవాళ్ళందరి పేర్లూ రాసి పంపమంటన్నాది, మొక్కుకోవాలట. దేముడమ్మ కూడా తినుంటే ఆవిడ పేరు ఆకరున రాయి.

తిరుమలరావు


సాలూరు,
19 అక్టోబరు

బావా,

ఇది నీకు రాయాలో వద్దో తెలీకుండానే రాస్తున్నాను.

నిన్న ధర్మేంద్ర ఫోన్ చేశాడు. సిరిమాను మర్నాడు మధ్యాహ్నం హోటలు కిటకిటలాడుతుంటే ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని వచ్చాడట. తిండికి కూర్చోకుండా కుర్చీ ఎక్కి నిలబడి, బొమ్మకి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడట. దిగమంటే దిగలేదు, వినపడనట్టే ఉన్నాడట. తరవాత అరవడం మొదలెట్టాడట. పక్క బల్ల మీద ఒకాయన ఏదో అంటే గొడుగు ఎత్తాడట. తినేవాళ్ళంతా ఎంగిలి చేతులతో లేచి వచ్చేశారట. "బొమ్మ గురించి మాట్లాడాలి జగన్నాధం గారూ, మీరొకసారి రావాలి" అన్నాడు. అంతలో లైను పోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మాట్లాడ్డానికేముంది, దించేస్తానంటాడు. అది వినడానికి బస్సెక్కి విజయనగరం దాకా ఎందుకని నేను వెళ్ళలేదు. ఇరవై ఎనిమిది నుంచి కూర్చుంటానని ప్రమోద్‌కి చెప్పేశాను. వాడు సంతోషించి సాయంత్రానికల్లా నాకు కుర్చీలోకి దిండు కొనుక్కొచ్చాడు. మంచి దిండే. బ్రష్షులు కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఆ పండు మాత్రం ఎందుకో పారెయ్యలేదు. నల్లగా ఎండిపోయి కిటికీలో ఉంది.

ఆ పెద్దాయన నువ్వు కాదని నా నమ్మకం. సిరిమానుకి రానని రాశావు. వరికి మందు కొడుతున్నావు. కానీ గొడుగు పిడికి ఎర్రదారం చుట్టి ఉందని ధర్మేంద్ర అన్నాడు.

నువ్వే అయితే, నిన్నేమీ అనను. ఎందుకు అరిచావో మాత్రం రాయి.

జగన్నాధం


నందివలస,
22 అక్టోబరు

ఒరే జగన్నా,

నేనే.

మందు కొట్టడం ఆదివారానికే అయిపోయింది. మీ అక్క సిరిమాను సూడాలంది. రెండ్రోజులు వియ్యంకుడింట్లో దిగేం. మర్నాడు సెప్పులు కుట్టించుకొస్తానని దానికి సెప్పి హోటలుకెళ్ళేను. నిజం రాస్తన్నాను, జేబులో సిన్న కత్తి పెట్టుకుని ఎళ్ళేను. నా పేరు నేనే గీకేద్దామని.

ముందు నాకు పండు కనపడలేదు. గుడ్డ కనపడింది. బల్ల అంచు మీంచి కిందకి ఏలాడతన్నాది. అంచు దగ్గర సిల్లు, సిల్లు సుట్టూ గోధుమరంగు. కుర్చీ ఎక్కింది అందుకు. దగ్గరగా సూసేను. నా పంచెరా! నా సుట్ట కాలిన సిల్లే. ఇస్త్రీ బడ్డీవాడి సేత ఒట్టేయించేను, పాపం. వాడికి ఈ పొద్దున్న ఒక సీతాఫలాల సంచీ ఇచ్చొచ్చేను. ఎందుకిచ్చేనో వాడికి తెలీదు.

అక్కడ నిలబడే పండుని సూసేను.

ఆ పండు నాకు తెలుసు. తూర్పు కంచె, మూడో రాటకి ఆనుకున్న సెట్టు. ఆషాఢంలో ఒకరోజు సూసేను, పిందె కంచె తీగ కింద ఇరుక్కునుంది. తీగ వదులు సెయ్యాలనుకున్నాను. సేతిలో కటింగు ప్లేరు లేదు. తరవాత సేద్దాంలే అని వచ్చేసి మర్చిపోయేను. అది అక్కడే, అలాగే పెరిగింది. నువ్వేసిన గాడి ఎడం పక్క లోతుగా ఉన్నాది, కుడి పక్కకి పోను పోను తేలిపోయింది. తీగ అలాగే ఉంటాది. రాట వైపు బిగువు, ఇవతల వదులు. ఆ కంచె కట్టింది నేను. నువ్వు దాన్ని ఎప్పుడూ సూడలేదు. పండుని సూసి నా తీగ బిగువు ఏసేసేవు.

అరిసేనంటున్నావు. నేను మామూలుగానే మాటాడేను, నాకు అలాగే వినపడింది. పక్క బల్లాయన "పుచ్చు పండేశాడేటి" అని నవ్వేడు. అది వినపడలేదు, మూతి సూస్తే తెలిసింది. పుచ్చు కాదండీ, తీగ గాడి అని సెప్పేను. రాట ఏ పక్కుంటాదో సూపించడానికి గొడుగెత్తేను. ఆయన బల్ల కిందకి దూరిపోయేడు. అందరూ వచ్చేరు. వచ్చినవాళ్ళందరికీ సెప్పేను. నువ్వెవరు అన్నారు. కింద రాసుంది గదా, నేనే అన్నాను. ఒకాయన నమ్మలేదు. ఆధార్ కార్డు తీసి గోడ మీద పేరు పక్కన పెట్టేను. పి. తిరుమలరావు, నందివలస. వరసగా వచ్చి రెండూ సదువుకున్నారు. ఆ కార్డు నాకు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. కత్తి జేబులోనే ఉండిపోయింది.

ధర్మేంద్ర నన్ను కూకోబెట్టి అన్నం ఏయించబోయేడు. మీ అక్క ఒట్టు గుర్తొచ్చి మెతుకు ముట్టలేదు. పూరీలు తిన్నాను. నిమ్మకాయల కిందే కూకుని తిన్నాను, నాకేటీ కాలేదు. మీ అక్కకి సెప్పలేదు. ఈ ఉత్తరం నేనే పట్టుకెళ్ళి టీ బడ్డీలో ఇస్తాను.

ఆ కుర్రాడు సేనాసేపు నాతో మాటాడేడు. ఒక్కటీ వినపడలేదు. అన్నింటికీ తలూపేను. ఆకరున బిల్లు కాగితం ఎనకాల రాసిచ్చేడు. దీంతోపాటు పెడతన్నాను. 'మిగతా మూడు గోడలు — పనసపండు, మామిడిపళ్ళు, అనాసపండు. జనవరి నెలాఖరుకి. తిరుమలరావు గారు ఒప్పుకున్నారు' అని ఉన్నాది. జనవరిలో మామిడిపళ్ళు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలీదు. ఒప్పుకున్నట్టు కూడా నాకు తెలీదు. నువ్వెళ్ళి మాటాడు. వాడు రమ్మన్నది అందుకే. సోమవారం ఎక్కడికీ ఎళ్ళకు. ప్రమోద్‌కి కోపమొస్తే నా మీద సెప్పు. దిండు మాత్రం తిరిగి ఇవ్వకు, స్టాండు ముందు కుర్చీలో ఏసుకో.

పేరు తియ్యకు. పక్కన కొంచెం సోటుంది. 'తూర్పు కంచె, మూడో రాట' అని కూడా రాయి. ఎర్ర అక్షరాలే.

పంచె ఉతికించి పంపమని గౌరికి సెప్పు. పని అయ్యేదాకా కావాలంటే ఉంచుకో.

గోనెలో పన్నెండు పళ్ళు పంపుతన్నాను. ఒక్క మంచిది లేదు. వంకరవి, ఉడత కొరికినవి, రెండు కలిసిపోయి కాసింది ఒకటి. తోటంతా తిరిగి నేనే ఏరేను. పైన ఉల్లిపాయలని రాసేను.

నిన్న కటింగు ప్లేరు పట్టుకుని తూర్పు కంచె కాడికెళ్ళేను. మూడో రాట దగ్గర, ఆ తీగ కిందే, ఇంకో పిందె ఉన్నాది. కాసేపు సూసి, ప్లేరు జేబులో పెట్టుకుని వచ్చేసేను.

మీ బావ